ముడి గురించి ఆమె ఏమీ అనలేదు

నవంబరు. పీల్ నది మీద మంచు
గునపం పొడుగులో సగం మందం.
తొమ్మిదిమంది పిల్లలు, మూడు స్నోమొబైళ్ళు,
ఒక జిజూ.
అమ్మమ్మనైనా నానమ్మనైనా మేం పిలిచే పిలుపు అదే.
పేరు టాబితా. వయసు అడిగితే నవ్వుతుంది.
పక్కన నేను, అట్టకి బిగించిన ఫారంతో.

మొదటి గడి: నేటి పాఠ్య లక్ష్యం.
పెన్నులో సిరా గడ్డకట్టింది. పెన్సిల్ తీశాను.
"ఇవాళ ఏం నేర్పుతున్నాం, జిజూ?"
"నేను వల వేస్తున్నాను" అంది.

అంతే.
చేతి తొడుగులు విప్పి, చిక్కుపడ్డ తాడు ఒడిలో వేసుకుని
మొదటి కన్నం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.
రమ్మనకుండానే పిల్లలు చుట్టూ చేరారు.
ఆ వేళ్ళు ఎటు తిరిగితే అటు
తొమ్మిది టోపీలు తిరిగాయి.

ఎవరూ ఏమీ అడగలేదు.
దక్షిణాన, టీచర్ల కాలేజీలో నాకు చెప్పారు,
ప్రశ్న అడగని పిల్లవాడు క్లాసులో లేనట్టేనని.
ఆ లెక్కన సైలస్
ఏడాదిగా హాజరు వేయించుకుంటూనే లేడు.

రెండో కన్నం దగ్గర, గుంజకి తాడు కట్టే పని
ఎవరూ సైలస్‌కి ఇవ్వలేదు.
వాడే వెళ్ళి తీసుకున్నాడు.
ముడి తప్పు. నాకు కనిపించింది.
చెప్పబోయి నోరు తెరిచాను.
చలి లోపలికి పోయింది కానీ మాట బయటికి రాలేదు:
నా పక్కటెముకల్లో టాబితా మోచెయ్యి.

రాత్రి గుడారంలో, స్ప్రూస్ కొమ్మల పరుపు మీద
నాకు నిద్ర పట్టలేదు.
మా అమ్మకీ బడి మౌనమే నేర్పింది.
పడవ ఎక్కించి తీసుకుపోయిన బడి.
మా భాషలో ఒక్క మాట జారితే
నాలుక మీద సబ్బు.
తొమ్మిదేళ్ళకి తిరిగొచ్చి, కన్నతల్లి ఎదుట
మంచినీళ్ళన్న మాట దొరక్క
బకెట్టు వేలితో చూపించిందట.
అందుకే మౌనమంటే నాకు నమ్మకం లేదు.
పిల్లలు నోరు మెదపకపోతే చాలు,
నేనెన్నడూ రుచి చూడని ఆ సబ్బు
నా గొంతులో నురగ కడుతుంది.

చీకట్లో టాబితా కథ ఎత్తుకుంది,
పోయిన నెల చెప్పిందే:
నక్క, ఉచ్చు, కుంటుకుంటూ దాటిన కొండ.
సగంలో ఎవరో అడ్డం వచ్చారు:
"కుడి కాలు కాదు, జిజూ. ఎడమ కాలు."
ఆ గొంతు ఎవరిదో పోల్చుకోడానికి
నాకు కాసేపు పట్టింది.
"అవునా" అంది టాబితా,
అలాంటి సంగతి మరిచేదాన్నా అన్నట్టు,
ఎడమ కాలితోనే నక్కని కొండ దాటించింది.

పొద్దున ముడి జారిపోయి ఉంది.
తాడు కొస మంచు కిందికి జారింది.
సైలస్ కన్నం వైపు చూశాడు. గుంజ వైపు చూశాడు.
మా వైపు చూడలేదు.
వంకర విల్లో కొమ్మ ఒకటి విరుచుకొచ్చి
బోర్లా పడుకుని నీళ్ళలోకి చాచాడు.
ఇద్దరు వచ్చి వాడి చీలమండలు పట్టుకున్నారు.
గంట పట్టింది.
తాడు చిక్కాక, కమిలిన వేళ్ళతో
నిన్న టాబితా వేసిన ముడి వేశాడు,
చివర్లో ఆమె లాగినట్టే
పళ్ళతో ఒకసారి లాగి మరీ.

ఆ వలలో నాలుగు తెల్లచేపలు. వాడి మొదటివి.
మొదటి వేట సొంత నోటికి పోదని
ఎప్పుడు, ఎవరిని చూసి తెలుసుకున్నాడో.
ఊళ్ళోకి రాగానే ఇంటికి పోలేదు.
రోడ్డు చివర, చూపు పోయిన ఎలియాస్ గుమ్మంలో
నాలుగూ పెట్టి, తలుపు తట్టి,
పెద్దాయన తలుపు తీసేలోపే మలుపు తిరిగాడు.

ఫారంలో చివరి గడి:
ఫలితం, అంకెల్లో.
స్టాఫ్ రూంలో పెన్సిల్ కొరుకుతూ కూర్చున్నాను.
ఎంతకీ ఏ అంకే తోచక
ఆ గడిలో ముడి బొమ్మ గీశాను.
భుజం మీంచి టాబితా తొంగిచూసింది.
తాడు పైనుంచి పోవలసిన చోట
కింది నుంచి పోయింది.

చూసింది.
టీ పోసుకుంది.
ఏమీ అనలేదు.