నిల్వ నీరు

సగానికి కోసిన సింటెక్స్ ట్యాంకు,
యాప్రాల్‌లో మా మూడో అంతస్తు డాబా మీద.
పక్కన జానెడు ఎత్తులో ఒకే ఒక్క చిల్లు.
నీళ్లు అంతకు పైకి రాకూడదు,
మరీ కిందికీ పోకూడదు.
లోపల ఏడుసార్లు కడిగిన ఇసుక,
ఉప్పు వదిలేదాకా పిండిన కొబ్బరిపొట్టు.
వండుకునే బియ్యాన్ని కూడా నేనింతగా కడగలేదు.

ముప్పై ఒక్కేళ్లు జలమండలి ల్యాబులో
నీళ్లలో ఏముందో రాశాను.
క్లోరైడు ఇంత, ఫ్లోరైడు ఇంత, సున్నం ఇంత.
రిటైరయ్యాక దొరికాయి
ఏమీ లేని నీళ్లే కావాలనే మొక్కలు.

మా బోరు నీళ్లు తొమ్మిది వందల పైచిలుకు.
బకెట్లో ఆరితే తెల్లటి చార.
మంజీరా నీళ్లూ వీటికి బరువే.
వానలు లేనప్పుడు
రెండో అంతస్తు తన్వీర్ ఏసీ పైపు కింద బిందె పెడతాను.
రాత్రి డ్యూటీ కుర్రాడు. పగలంతా పడుకుంటాడు.
పొద్దుగూకేసరికి అతని నిద్ర
నాలుగు లీటర్లవుతుంది.
మీటరు ముంచితే, ఎనిమిది.

మేలో వీనస్ ఫ్లైట్రాప్ పోయింది.
బెంగళూరు నుంచి తడిగుడ్డలో చుట్టుకుని వచ్చింది,
షేడ్ నెట్ రెండు మడతలు వేసినా
నోళ్లు తెరుచుకునే నల్లబడింది.
కాస్త ఎరువు వేసుంటే బతికేదేమో అంది
మా చెల్లెలు అహల్య.
ఎరువు వేస్తే ఏప్రిల్లోనే పోయేది.

సన్‌డ్యూ మాత్రం నిలిచింది.
రూపాయి బిళ్లంత.
ప్రతి వెంట్రుక కొసనా ఒక జిగురు బొట్టు,
ఎండెక్కినా ఆరని మంచు.
దోమ ఒక కాలు పెట్టింది.
అది పీక్కోబోయి ఇంకోటి పెట్టింది,
వడ్డీ కట్టడానికి అప్పు చేసినవాడిలా.
వెంట్రుకలకు తొందర లేదు.
నేను టీ కాచుకుని వచ్చేసరికి
రెండే రెండు వంగి ఉన్నాయి.
మర్నాటికి ఆకు పిడికిలయింది.

ఆగస్టులో దోమల మందు ఆయన వచ్చాడు.
భుజాన పంపు, చంకలో పుస్తకం.
బాలమల్లు అట పేరు.
"నీళ్లు నిల్వ పెట్టిన్రు గదమ్మా. పారబొయ్యుండ్రి."
పారబోస్తే నాలుగేళ్లు పోతాయన్నాను.
"డెంగీ వస్తె పానాలే పోతయి."
అదీ నిజమే.

భూతద్దం ఇచ్చి కూచోబెట్టాను.
నీటి అడుగున దోమపిల్లల్ని మింగే సంచుల మొక్క ఉంది గానీ
దాన్ని చూపించడం కష్టం.
పైన, కొత్త ఆకు మీద
ఒక దోమ ఇంకా రెక్క ఆడిస్తోంది.
అతను చాలాసేపు మాట్లాడలేదు.
పంపు దించి పక్కన పెట్టాడు.

"గిది మా దిక్కు బండల మీద లేస్తదమ్మా,
వానకాలంల, ఊట ఊరే కాడ.
ఎర్రగ, కుంకుమ ఒలికినట్టు.
మేకలు మూతి పెట్టవు.
చిన్నప్పుడు కాళ్లకంటితే
బండకు రాసుకునేది మేం."

ఏ ఊరన్నాను. చెప్పాడు.
బస్సులో మూడు గంటలు.
నేను తెప్పించుకున్న విత్తనాల పొట్లం మీద
ఆస్ట్రేలియా అని రాసుంది.
ఆ మాట అతనికి చెప్పలేదు.

మరుసటి నెల
టిఫిన్ డబ్బా మూతలో తడి ఇసుక తెచ్చాడు.
అందులో మూడు ఎర్రటి చుక్కలు,
ఆవగింజ కన్నా కాస్త పెద్దవి.
దారంతా ఒళ్లో పెట్టుకున్నాడట.
ఒకటి అప్పటికే వాడింది.
అదో కాదో పువ్వు పూస్తే గాని చెప్పలేనన్నాను.
తేలకముందు రాయడం
నా చేతికి అలవాటు లేదు.

అతను పుస్తకాన్ని పిట్టగోడకు ఆనించి
తారీఖు వేశాడు, ఇంటి నంబరు వేశాడు.
నిల్వ నీరు అన్న గడిలో
లేదు అని రాశాడు.
తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి
ఆ నీళ్లలోకే వేళ్లు దించి
ఇసుకలో మూడు గుంటలు చేశాడు.