రెండు కాళ్లకు ఒకే చెప్పు

పుత్తూరు బస్సులో పదహారేళ్లుగా నిలబడి నిలబడి
నా పాదాలు సాయంత్రానికి ఒక సైజు పెరుగుతాయి.
పొద్దున ఆరు,
రాత్రి డిపోలో డబ్బు కట్టేటప్పటికి ఏడు.
ఇప్పుడు మోనోఫిన్‌కి
ఏ పూట కాలు కొలిచి పంపేది?

చెన్నైలో అమ్మే అబ్బాయి ఫోన్లో నవ్వలేదు, మంచోడు.
"మీరు నీళ్లలో దిగేదెప్పుడు మేడం?"
ఆదివారం తెల్లారుజామున,
నారాయణవనం దాటినాక మా చిన్నత్త మామిడితోపు బావిలో.
"అయితే చల్లటి కాలు కొలవండి."

మూడు రకాలుండాయంట.
కార్బన్‌ది ఈకంత బరువు, రెండు నెలల జీతం.
ఒక్క తన్నుకు మట్టు లోతు దిగిపోవచ్చంట,
రాయికి తగిలితే మాత్రం చీలిపోతాదంట.
మా బావికి నాలుగు పక్కలా రాయే.
ప్లాస్టిక్‌ది చౌక. వంగుతాది, తిరిగి లేవదు,
బ్రహ్మోత్సవాల డ్యూటీ దిగిన నా నడుం మాదిరి.
నడిమధ్యన ఫైబర్‌గ్లాసు.
అందులో మళ్లీ మెత్తంది, గట్టిది.

గట్టిదే తీసుకోమన్నాడు మా డిపో మెకానిక్కు జిలానీ.
"కమాన్‌కట్ట గట్టిగుంటేనే అక్కా లోడు లాగేది."
నేనేం లోడు లాగాల జిలానీ?
తొడలు మండితే గుండె ఉరుకుతాది,
గుండె ఉరికితే ఊపిరి ఖర్చయిపోతాది.
ఊపిరికి చిల్లర దొరకదు.
మెత్తందే పంపమన్నాను.

పార్శిల్ విప్పితే
చాపతోక అంటారు గానీ, నాకు
ఆటో వెనక మడ్‌గార్డ్ మాదిరి కనబడింది.
కాళ్లు దూర్చినాను. ముందర బిగువు,
మడమ దగ్గర వేలు దూరేంత సందు.
వదులైతే నీళ్లలో ఊడిపోతాది,
బిగువైతే వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

లీలామహల్ సెంటర్లో చెంగయ్య దగ్గరికి తీసకపోయినా.
తిప్పి చూసినాడు, వంచి చూసినాడు,
గొంతు తగ్గించి అడిగినాడు,
"ఇదేం చెప్పు తల్లీ, రెండు కాళ్లకూ ఒకటే?
దీంతో ఎట్ట నడుస్తావు?"
నడవను.
"మరి?"
దిగుతాను.
అనేసినాక నాకే వినబడింది ఆ మాట.
దిగేవాళ్లు దిగండి, దిగేవాళ్లు దిగండి,
రోజుకు ఎన్ని వందల సార్లో.
నా స్టేజీ ఎక్కడో ఎవరూ అడగలా.

రబ్బరు ముక్క అతికించి, మడమ గూటికి మెత్తన కుట్టి
"జత కాదు గదా, సగం డబ్బులు చాలు" అన్నాడు.

ఆదివారం. మొన్నటి తుపానుకు బావిలో అయిదు మట్ల నీళ్లు.
ఏడేళ్లప్పుడు నా వీపుకు సొరబుర్ర కట్టి తోసిన చిన్నత్త
ఇప్పుడు గట్టు మీద కాఫీ ఫ్లాస్కుతో.
ఒకరు లోపలుంటే ఒకరు పైన, అది మా నియమం.
ఈ వారం తాడు సెల్వి చేతిలో.
"ఒంటిగా దిగితే దాన్ని గోడకు కొట్టి దిష్టిబొమ్మ చేస్తా"
అంది చిన్నత్త, ప్రతివారం అనే మాటే.

మొదటి తన్ను.
ఒకే సీట్లో ఇరుక్కున్న ఇద్దరు పాసింజర్లు నా కాళ్లు,
నువ్వు జరుగు, నువ్వు జరుగు.
రెండో తన్ను నడుం నుంచి వచ్చింది.
మూడోది ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు.
చెవులు సర్దుకుంటా, రాతి వరసలు లెక్కబెట్టుకుంటా
పోయినా.
అడుగున పాత మోటారు ఫుట్‌వాల్వు,
నాచు పట్టి, నోరు తెరుచుకుని.
అక్కడ బెల్లు లేదు, రైట్ రైట్ లేదు.
ఆకుపచ్చ వెలుగులో నా తోక ఒక్కటే
నిదానంగా.

పైకొచ్చినాక మూడు ఊపిర్లు తీసేదాకా
సెల్వి ఏమీ అడగలా, నా పెదాల రంగే చూసింది.
తర్వాత, "సైజు సరిపోయిందా?"

సరిపోయింది. గట్టిదయితే ఇంకో మట్టు పోయుండొచ్చు.
పోయి ఏం చేసేది, అక్కడా బురదే.

సోమవారం వడమాలపేట మలుపులో
టికెట్ కొడతా కొడతా
రెండు కాళ్లూ దగ్గరికి చేర్చుకుని నిలబడినట్టుండా,
పూలగంపామె ఒళ్లో పడినా.
"ఏమ్మా, కొత్తా?" అంది.
అవునన్నాను.