చివరి ఇన్సులిన్

రాయదుర్గంలో రాత్రి రెండు. లాగ్‌లో
ఒకే క్షణం మీద రెండు సంతకాలు.

కోఠీ మందుల గోడౌన్‌లో మిగిలింది ఒక్క ఇన్సులిన్ పెట్టె.
రెండు థ్రెడ్లు ఒకే సెషన్‌లో చెయ్యి పెట్టి
"ఒకటి ఉంది" అని చదువుకున్నాయి,
ఇద్దరికీ అమ్మేశాయి.
పట్టికలో సున్నా. తప్పేం కనబడదు.

"మా అబ్బా కొట్లో గుమస్తాలిద్దరికీ చెరో చిట్టా,"
అంది మునీరా, చల్లారిన దోసె తుంచుతూ.
"పెద్ద పుస్తకం దగ్గరికి మాత్రం ఒక్కొక్కరే."

థ్రెడ్‌కో సెషన్ ఇచ్చాను. వరుసకో వెర్షన్ అంకె.
ఇకమీద వెనకొచ్చినవాడికి
కమిట్ దగ్గర మొండిచెయ్యి:
నువ్వు చదివింది పాతది, మళ్లీ చదువు.

సరే.
నిన్నటి ఇద్దరిలో
ఫోన్ చెయ్యాల్సింది మలక్‌పేటకా, మౌలాలికా?
టైమ్‌స్టాంపులు రెండూ
మిల్లీసెకను తేడా లేకుండా
నన్నే చూస్తున్నాయి.