సూది పోయిన పొద్దు

ఒక పొయ్యి మీద పప్పు, ఇంకో పొయ్యి మీద చాయ,
ఒళ్ళో బొంత.
మూడో చెయ్యి ఎవరన్నా బదులిస్తే బాగుండు అనుకుంటనే
నాలుగు కుట్లు వేసిన.

బొంత మా ఇంటికి కాదు.
కాజీపేట డీజిల్ కాలనిల సంధ్యారాణికి ఏడో నెల.
"అక్కా, మా అమ్మ చీరలు ఐదున్నయ్,
కట్టలేను, పారెయ్యలేను" అని
బియ్యం సంచిల కుక్కి ఇచ్చిపోయింది.
విప్పితే కలరా ఉండల వాసన.
పచ్చ అంచు చీర కొంగుకు ఒక ముడి,
ముడిల ఒక రూపాయి బిళ్ళ, సగం కొరికిన పోకచెక్క.
ఆ ముడి విప్పబుద్ధి కాలే.
ఏం చెయ్యాల్నో తెల్వక గూట్లె పెట్టిన.

కుక్కర్ కూసింది.
గూడ్సు బండి కూడా కూసింది, రామగుండం బొగ్గు మోసుకొని.
రెండిట్ల ఏది నాదో తేల్చుకునే లోపట
పప్పు మూడు కూతలు దాటింది, ఐదు దాటింది,
నేను లేచి ఉరికిన.

ఇయ్యాల మా ఆయన డబ్బాల సర్వపిండి కావాలె.
షెడ్డులకు కొత్తగా వచ్చిన ఫిట్టరు
అదెట్లుంటదో చూస్తనన్నడట.
మా అత్త మెట్‌పల్లి మనిషి,
"సర్వపిండి ఏంది, గిన్నప్ప అనరాదా" అంటది
పెండ్లైన కాన్నుంచి, ఇరవయ్యేండ్లు.

బియ్యప్పిండి, నానిన శనగపప్పు, దంచిన పల్లీలు,
ఉల్లాకు, కరెపాకు, నువ్వులు, కారం.
వేడినీళ్ళు పోసి పిసికి ముద్ద చేసి
చెయ్యి కడుక్కొని చూస్తే
సూది లేదు.

జాకెట్టుకు లేదు. కొప్పుల లేదు.
గోడకున్న క్యాలెండరుకు గుచ్చుత ఒక్కోసారి, అక్కడ లేదు.
మెల్లగ, అందరం ఒక్కసారే
పిండి దిక్కు చూసినం.

మా పిల్లగాడు వినీత్ పాత స్పీకరు విరగ్గొట్టి
అయస్కాంతం తెచ్చిండు,
డాక్టరు లెక్క ముద్ద మీద ఆనిచ్చిండు.
దానికి నువ్వులంటుకున్నయ్,
ఒక పల్లి బద్ద అంటుకున్నది.
"ఇంజనుల మర పోతే మేం పది నిమిషాల దొరకబడ్తం"
అన్నడు ఐలయ్య, బూట్ల తాళ్ళు కట్టుకుంట.
"మీరు మర దేవులాడుకుంట పప్పు ఎనుపరు కదా" అన్న.
మాట్లాడలే. రాత్రి అన్నం, మామిడికాయ తొక్కు పట్టుకొని పోయిండు.

పేపరు మీద పిండి పరిచి కూసున్న.
గోటంత గోటంత తుంచి, వేళ్ళ నడుమ నలిపి,
ఇటు పక్కది అటు పక్కకు.
అత్త ఎదురుంగ కూసొని తనూ తుంచింది.
ఆమెకు చూపు సరిగ్గ ఆనదు,
వేళ్ళకు మాత్రం అన్నీ కనిపిస్తయి.
"ఇది పల్లి. ఇది పప్పు. ఇది గూడ పప్పే" అనుకుంట
పదకొండు గొట్టించింది.
పొయ్యి మీది పప్పు జావైంది, పిల్లగాడు దాన్నే తాగి బడికి పోయిండు.

పొద్దుమీకి బొంత మడత పెడ్దామని ఎత్తితే
చేతికి సుర్రున గుచ్చుకున్నది.

కుట్టు నడుమ, సగం లోపట సగం బయట,
దారం వేలాడుకుంట
నేను లేచిపోయిన కాడనే నిలబడి ఉన్నది.
అది ఎటూ పోలే.
కుక్కర్ కూస్తే ఉరికింది నేను.

నవ్వొచ్చింది. ఆకలి గూడ అప్పుడే గుర్తొచ్చింది.
తుంచిన పిండంత మళ్ళ తడిపి ముద్ద చేసిన,
గంజుల నూనె రాసి పలుచగ ఒత్తిన,
వేలితోని పొక్కలు పొడిచిన, పొక్క పొక్కకు నూనె చుక్క.
మూత పెట్టి, చెయ్యి కడుక్కొని, తుడుచుకొని, మళ్ళ తుడుచుకొని
బొంత అందుకున్న.
మాడు వాసన రాకముందే ఒక వరుస అయిపోయింది.

ఆ కొంగు ముడిని విప్పలే.
నడిమి పొరల పెట్టి, ఒక మూలకు, చుట్టూ కుట్టేసిన.
ఆ మూల కొంచెం బరువుంటది.
సంధ్యారాణి అడిగితే చెప్త, అడగకుంటే లేదు.

సూది దొరికిందని ఇంట్ల అందరికీ చూపెట్టిన,
దారంతో సహా.
అయినా రాత్రి ఐలయ్య
సర్వపిండి చిన్న చిన్న ముక్కలు చేసి
నాలుకతోని తడిమి తడిమి నమిలిండు.
రేపు డబ్బాల పెట్టనా అంటే
"ఆ ఫిట్టరుకు చిన్న పిల్లలున్నరు" అన్నడు.