స్టాక్ రిజిస్టరు

మూడువందల పన్నెండు కుండీలు
సంతకం పెట్టి పంపింది నేనే.
నందివర్ధనాలు నలభై, క్రోటన్లు నూటపది,
పేరు తెలియని వాటిని 'ఇతరములు' అని రాశాను.

హార్బరు గోడ పక్క పాత గోనెసంచుల గోదాములో
తోటల మీద కళా ప్రదర్శనట.
పై ఆఫీసు నుంచి కాగితం:
కళాకారులు ఏ మొక్క అడిగిన ఆ మొక్క ఇవ్వవలెను,
తిరిగి లెక్క చూసి తీసుకొనవలెను.

ఒకాయన భీమిలి దారి ఎర్రమట్టి పరిచి
దానిలో ఏమీ నాటకుండా ఊరుకున్నాడు.
ఇంకొకమ్మాయి గాజుపెట్టెలో గడ్డి పెంచి
మనం మాట్లాడితే వణికేలా తీగెలు బిగించింది.
పిల్లలు పొగిడి చూశారు, బూతులు తిట్టి చూశారు,
రెంటికీ ఒకేలా వణికింది.

బరోడాలో చదివొచ్చిన వేదజ్ఞ
నా మొక్కల్ని నెల్లాళ్ళు
బొగ్గు యార్డు వైపు ఆరుబయట ఉంచింది.
నీళ్ళు మొదట్లోనే పోయాలి, ఆకు తడవకూడదు,
ఎవరూ ముట్టుకోకూడదు.
నెల తిరిగేసరికి నందివర్ధనం
పొయ్యి మీద మరిచిపోయిన గిన్నెలా తయారైంది.
దానికి 'మన ఊపిరి' అని పేరు పెట్టింది.
నాకు భయమేసింది.
ముప్ఫయ్యేళ్ళుగా కళ్ళెదుట ఉన్నదే
లైటు వేసి చూపిస్తే గాని కనపడలేదు.

మొదటి రోజు తెల్లారకముందే
నూకరత్నం వచ్చింది.
రోజుకూలీ, జ్ఞానాపురంలో కాపురం.
ఆమెకెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.
ఒక బకెట్టు, ఒక పాతచీర ముక్క.
ఒక్కో ఆకునీ అరచేతిలో పెట్టుకుని
పైన ఓసారి, కింద ఓసారి,
బడికెళ్ళే గుంట ముక్కు తుడిచినట్టు.

ఎనిమిదింటికి నేను తలుపు తీసేసరికి
సగం తోట పచ్చగా ఉంది.
బకెట్లో నీళ్ళు ఇంకులా ఉన్నాయి.
"ఏటి బాబూ, పండగన్నారు గదా,
ఈ మసితోటి ఎలా ఒగ్గేత్తాం?"

వేదజ్ఞ వచ్చి చాలాసేపు నిలబడింది.
నేను ముందే తల దించుకున్నాను,
సర్వీసు నేర్పిన విద్య.
ఆమె అరవలేదు.
"ఆ గుడ్డ ఇస్తావా అమ్మా, గోడకి తగిలిద్దాం" అంది.
నూకరత్నం గుడ్డ పిండి, దులిపి, భుజాన వేసుకుంది.
"ఇంటికాడ కావాలమ్మా. అక్కడా ఇదే పని."

చూడవచ్చినవాళ్ళు
సగం నలుపులో సగం పచ్చలో
ఏదో అర్థం ఉందనుకున్నారు.
నల్ల ఆకుల మీద వేలితో పేర్లు రాసుకున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
హుద్‌హుద్ వెళ్ళిన మర్నాడు
పడిపోయిన చెట్లు లెక్క రాసినవాణ్ణి నేను.
బీచిరోడ్డులో మొదలుపెట్టి
సిరిపురం వచ్చేసరికి లెక్క తప్పింది.
వేళ్ళు ఆకాశంలోకి చాపుకుని పడున్న ఓ నిద్రగన్నేరు దగ్గర
కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.
తర్వాత ఆఫీసులో కూర్చుని ఒక అంకె వేశాను.
ఎవరూ కాదనలేదు.
ఆ అంకెలో ఒక్కదాన్నైనా
అది నిలబడి ఉండగా ముట్టుకున్నానా?

పన్నెండో రోజు కుండీలు తిరిగొచ్చాయి.
మూడువందల పదకొండు.
తగ్గింది ఒక 'ఇతరము'.
నూకరత్నం నా వైపు చూడకుండా
నీళ్ళ గొట్టం చుట్ట చుడుతోంది,
అవసరం కన్నా నెమ్మదిగా.
రిజిస్టరులో గడులు మూడు: బతికినవి, చచ్చినవి, రిమార్కులు.
చచ్చినవి ఒకటి, అని రాసి సంతకం పెట్టాను.

మొన్న ఏదో పనిమీద జ్ఞానాపురం సందులో పోతుంటే
నూనెడబ్బాలోంచి లేచిన ఆ చచ్చిన మొక్క
రేకుల కప్పు దాకా పాకి ఉంది. నీలం పూలు.
పేరేమిటని అడిగితే
"శంకుపూలు గదా బాబూ, తెలీదా?" అంది లోపల్నించి.
బొగ్గు రైలు కూత వేస్తూ పోయింది.
ఒక ఆకు పట్టుకుని చూశాను.
వేలికి ఏమీ అంటలేదు.