నూట పన్నెండో లైను

ఒంగోలు, హాస్టలు గది, రాత్రి పదకొండు.
చెవిలో ఇయర్‌ఫోను. అందులో మస్తానమ్మ.
ఆమె ఒక నిమిషం మాట్లాడితే
నాకు పది నిమిషాల రాత.
ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ విని,
"ఆడ" అందా, "ఈడ" అందా?
మధ్యలో డయాలిసిస్ మిషను అరుస్తుంది.
ఆ అరుపు కింద ఒక మాట నలుగుతుంది.
అక్కడ మూడు చుక్కలు పెట్టి
పక్కన రాస్తాను: వినపడలేదు.

తొమ్మిదేళ్ళు వార్డులో చేశాను.
బీపీ ఎంత, బరువెంత, ఎంత నీరు తీశాం,
అంకెలు చెప్పి డ్యూటీ అప్పజెప్పి ఇంటికి పోయినదాన్ని.
ఇప్పుడు నా ముందు పన్నెండు మంది,
నూట నలభై పేజీలు.
అంకెల్లేక కాదు.
మూడు బిందెలు, రెండు ఎనుములు, నాలుగింటి బస్సు.
వీటికి సగటు ఎట్లా కట్టను?

సువార్త మేడమ్ చెప్పారు:
ముందు ఊరికే చదువు. పెన్ను ముట్టుకోవద్దు.
మూడోసారికి రంగులు తియ్యి.
పసుపు దప్పికకి, ఆకుపచ్చ డబ్బుకి,
గులాబీ భయానికి.

మాలకొండయ్య అన్నాడు:
"బోరెయ్యటానికి ఎకరం అమ్మినానమ్మా.
నీళ్ళు పడినయ్.
ఇప్పుడు డాక్టరు తాగొద్దంటన్నాడు."
అని, నవ్వాడు.
పసుపు మీద ఆకుపచ్చ, దాని మీద గులాబీ,
కాగితం బురద రంగైంది.
నవ్వుకి
నా డబ్బాలో స్కెచ్చు పెన్ను లేదు.

మే నెల. ఫాను ఆపేశాను, చీటీలెగిరిపోతాయని.
నేలంతా చీటీలు. ముక్కు మీంచి జారిన చెమట చుక్క
ఎవరిదో "పిల్లలకి చెప్పలా" మీద పడి పాకింది.
మోకాళ్ళ మీద దేకుతూ కుప్పలు పెట్టాను.
నాలుగు కుప్పలు మూడయ్యాయి, మూడు ఒకటైంది.
పెద్ద అక్షరాలతో దానికి పేరు: జీవన భారం.
బాగుంది అనుకున్నాను.
పేరు పెట్టాక నిద్ర కూడా పట్టింది.

ఆదివారం పామూరు దాటి ఆ ఊరు పోయాను.
చెప్పిన వాళ్ళకి చూపించి సరేననిపించుకోవాలి,
పద్ధతి అది.
మస్తానమ్మ వసారాలో చింతపండు ఈనెలు తీస్తా విన్నది.
చేతికున్న ఫిస్టులా దగ్గర ఉబ్బు,
ఈనె లాగినప్పుడల్లా కదులుతుంది.
"భారమా? అదెవురి మాట? నేననలా.
నేను జెప్పింది బస్సు సంగతి గదా."

వెతికాను. ఉంది.
నూట తొమ్మిదో లైను. మస్తానమ్మ: మా బస్సు నాలుగింటికమ్మా, ఆ డ్రైవరుండాడే...
నూట పదకొండు. మస్తానమ్మ: ఒకరోజు ఏమైందంటే...
నూట పన్నెండు. నేను: సరే, తర్వాత ప్రశ్నకి పోదాం.

ఆ గొంతు నాదే.
సూది దించే ముందు "అటు చూడండి" అనే గొంతు.
ఎన్నిసార్లు విన్నానో ఆ టేపు,
రాసింది నేనే, రంగేసింది నేనే,
ఒక్కసారి కూడా నన్ను నేను వినలేదు.

"ఏమైంది ఆరోజు?" అన్నాను, ఫోను తీయకుండా.

"ఏముంది. లేవలేకపోయినా.
ఆ పిలగోడు బస్సు బోనీక హారను కొట్టినాడు. రెండుసార్లు.
ఊరంతా లేచి తిట్టినారు వాణ్ణి.
అప్పట్నించీ రోజు మార్చి రోజు అదే హారను,
నేను గడపలో నిలబడున్నా కొడతాడు.
ఎదురింటి కాశమ్మ పక్కలోంచే అంటది,
'ఆ, మస్తానమ్మ ఉండాదిలే' అని,
మళ్ళా ముసుగు తన్నుద్ది."

ఈనెలు చేటలోకి, పండు గంపలోకి.
నాకొక ముద్ద పొట్లం కట్టిచ్చింది.

తిరుగు బస్సులో, కిటికీ రెక్క దడదడ మధ్య,
కొత్త చీటీ మీద రాశాను: హారను, రెండుసార్లు.
మేడమ్ రేపు అడుగుతారు, దీని పైన ఏ పేరని.
ఏ కుప్పలో పెట్టాలో తెలియక
కనిగిరి నించి ఒంగోలు దాకా
చేతిలోనే పట్టుకున్నాను.
చింతపండు జిగురుకి వేళ్ళకంటుకుంది.