రెండు సుళ్ళు

పన్నెండేండ్లుగా కొండమీద కల్యాణకట్టలో
తలలు గీస్తావుండా.
దినానికి యాభయ్యో, అరవయ్యో.
కుడి మణికట్టు ఇప్పుడు పొరక పట్టనంటాది,
బూజుకర్ర ఎత్తితే భుజం కలుక్కుమంటాది.

ఇల్లేమో కొర్లగుంటలో, రెండు గదులూ ఒక వంటిల్లు.
సరిగ్గా ఊడ్చి మూడు నెలలు.
ఊడ్చినట్టు చేసేది వేరే సంగతి.
మా చిన్నది చూసి చూసి ఫోన్లో నొక్కేసింది.
"నాలుగ్గంటలంటమ్మా, రెండు వేల నాలుగొందలు,
స్టవ్వు జిడ్డు కూడా వాళ్ళే."
సిగ్గేసింది నాకు.
ఊరందరి తలలూ శుభ్రం చేసే దాన్ని
నా ఇంటి కసువుకు మనుషుల్ని పిలిచేదా?
"వాళ్ళ మణికట్లకు నొప్పుండదా?" అన్నా.
అది జవాబు చెప్పలా.

ఆ పొద్దు నాలుగుకే లేచి బోకులన్నీ తోమి పెట్టినా.
ఎందుకో అడగొద్దు.

తొమ్మిదికి వచ్చినారు ఇద్దరు,
నీలం టీషర్టులు, వీపుల మీద కంపెనీ పేరు.
చెంగల్రాయులు మిషను మోస్తే
దేశమ్మ బకెట్టూ, బ్రష్షులూ, నాలుగు రంగుల సీసాలూ.
నెత్తిన టోపీ, మూతికి గుడ్డ,
"మంచం జరపండమ్మా" అన్న గొంతు తప్ప
మనిషి కనపడలా.

మంచం కింద
మా ఆయన వెతికి వెతికి విసిగిన కళ్ళద్దాల కాడ,
పోయినేటి గంగజాతర వేషానికి తెచ్చిన నాంకొమ్ము ముక్క,
ఎవరి చేతిదో ఒక పసుపు గాజు.
నేను చెప్పులు చేత్తో పట్టుకుని
నా ఇంట్లోనే గోడకు ఆనుకుని నిలబడినా.

నీళ్ళు పోవట్లేదని ముందే చెప్పినా, స్నానాలగదిలో.
జాలీ ఎత్తి వంకర కమ్మీ దించింది దేశమ్మ.
లాగింది.
తాడు మాదిరి వచ్చింది, మూరెడు, రెండు మూర్లు.

వెంట్రుకలు.
చీర కుచ్చెళ్ళలో, జాకెట్టు కుట్లలో, గోళ్ళ సందుల్లో
కొండ దిగి నాతోనే సప్తగిరి బస్సెక్కి వచ్చినవి.
తెల్లవి, నల్లవి, గోరింటాకు రంగువి,
పుట్టువెంట్రుకలు కూడా,
పాలవాసన పోయుండాది గానీ మెత్తదనం పోలా.
షోలాపూర్‌దేదో, శ్రీకాకుళందేదో
సబ్బు జిడ్డులో పేనుకుని.

"చెత్తలో వేసేదామ్మా?"
నాకు నోరు రాలా.
పైన అయితే హుండీ ఉండాది, లెక్క ఉండాది, వేలం ఉండాది.
తూములో ఉన్నదానికి ఏ లెక్క?

చెమట పట్టి దేశమ్మ టోపీ తీసింది.
వేలి కణుపంత ఎదిగిన జుట్టు.
వంగి ఆ ముద్దను పేపర్లో చుడతావుంటే
నడినెత్తిన కనపడినాయి రెండు సుళ్ళు,
ఒకటి అటు తిరిగి, ఒకటి ఇటు,
నడుమ చిన్న గాటు మచ్చ.

మొగాలు నాకు గుర్తుండవు,
కూర్చోంగానే తల వంచేస్తారు గదా.
తలలే తెలుసు.
రెండు సుళ్ళ దగ్గర కత్తి ఎదురెక్కుతాది.
ఆ గాటు నాదే.
మాఘమాసం, రాత్రి షిఫ్టు, కళ్ళల్లో నిద్ర.
రక్తం బొట్టు చూసి నేను బెదిరితే
"ఏం కాదులే అక్కా, కానీ" అనిందొక గొంతు.
పోతా పోతా పది రూపాయలు చేతిలో పెడితే
తీసుకోగూడదు, రూలు, అన్నా.
తీసుకున్నా.

ఏం మొక్కుకున్నావు, తీరిందా, అని
నాలిక దాకా వచ్చింది.
జుట్టిచ్చినోళ్ళను ఆ మాట అడగం మేము.
తనే పొట్లం ఎత్తుకుని పెరట్లోకి పోయి
కరివేపాకు మొదట్లో గుంత తీసింది.
"మొక్కుది మొక్కకే పోనీలేమ్మా."

ఒంటిగంటకు ఇల్లు ఎవరిదో అన్నట్టు మెరిసింది.
చెంగల్రాయులు గదికొక ఫోటో తీసినాడు,
కంపెనీకి పంపల్లంట.
యాభై నోటు మడిచి దేశమ్మ చేతిలో పెట్టినా.
"తీసుకోగూడదమ్మా, రూలు" అనింది.
తీసుకునింది.

గేటు దగ్గర ఆగి
ఒకసారి నా పాదాల వైపు చూసింది,
ఎడమకాలి వంకర చిటికెనవేలి వైపు, శానాసేపు.
పోయింది.

తల వంచినోళ్ళకు ఏం కనపడతాదో
నేనెప్పుడూ ఆలోచించలా.